మొరం నేల, మోగే పళ్ళెం

నేను కాపరానికి వచ్చిన రోజున, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా అత్తవారి క్వార్టర్‌లోకి దొడ్డి గుమ్మంలోంచి అడుగుపెట్టాను. నేనేమీ లేచిపోయి వచ్చినదాన్ని కాదు. నాగావళి ఒడ్డున మా ఊళ్ళో బాజాభజంత్రీలతో పెళ్ళి చేసుకుని, ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుని, పట్టుచీర నిండా బొగ్గునుసి పోగేసుకుని వచ్చాను. గేటు దగ్గర మా అత్త ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. తీసి, నా చెయ్యి పట్టుకుని, ఎదురుగా బార్లా తెరిచి ఉన్న వీధి గుమ్మాన్ని వదిలేసి ఇంటి పక్కనుంచి నడిపించింది. బొగ్గుల కుప్ప దాటాం. బట్టలుతికే బండ దాటాం. ఒక కోడి నా కాళ్ళకి అడ్డం పడి అరుచుకుంటూ పోయింది.

"ఇటు రా అమ్మీ. కుడికాలు ముందెట్టు," అంది మా అత్త.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కొత్త పెళ్ళికూతురిని కాబట్టి నోరు మూసుకున్నాను గానీ, కావాలనే ఎడమకాలు పెట్టాను. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే మా అత్త నన్ను మళ్ళీ గేటు దాకా నడిపించి, కోడితో సహా అంతా మొదటినుంచీ చేయించి ఉండేది.

ఆ ఒక్కరోజు ముచ్చటే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న వరండాలోకి వెళ్ళబోతే "అటు కాదు" అంది. వీధి గుమ్మం దాటి వరండాలోకి వెళ్తే, మళ్ళీ అదే గుమ్మంలోంచి లోపలికి రావాలి కదా, అది కూడదట. నీళ్ళకి వెళ్ళినా దొడ్డిదారే, బజారుకి వెళ్ళినా దొడ్డిదారే. ఎదురింటావిడ తన వరండాలో బియ్యం ఏరుకుంటూ పలకరిస్తే, నేను మా గుమ్మానికి లోపల నిలబడి జవాబు చెప్పేదాన్ని. ఆవిడ నన్ను చూసే చూపులో జాలి ఉండేది. తిట్టినా పడతాను గానీ జాలిపడితే పడలేను.

వారం గడిచాక మామగారు ఆ సంగతి విప్పారు. ఆయన యార్డులో చక్రాలు చూసే మనిషి. బండి వచ్చి ఆగగానే, పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ బండి పొడుగునా నడిచేవారు. మోత బాగుంటే చక్రం బాగున్నట్టు. మోత తేడాగా ఉంటే ఎక్కడో పగులున్నట్టు. కంటికి కనబడని పగులుని చెవితో పట్టడం ఆయన ఉద్యోగం.

"మీ అత్తకి నీమీద కోపం లేదమ్మా. బయం," అన్నారాయన. "కడియాలు లేవు. అదీ సంగతి."

మా అత్తవారింట ఒక పద్ధతి ఉంది. కొత్త కోడలు వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆమె కాళ్ళకి ఒక జత వెండి కడియాలు తొడగాలి. ఆ కడియాల కాళ్ళతోనే గుమ్మంలో బియ్యం నింపి పెట్టిన ఇత్తడి సోలని తన్ని, లోపలికి రావాలి. మా అత్త అలాగే వచ్చింది. మా అత్తకి అత్త కూడా అలాగే వచ్చింది. ఆ కడియాలు లేకుండా వీధి గుమ్మం దాటిన కోడలు ఆ ఇంట్లో నిలవదని వాళ్ళ నమ్మకం. నేను నిలవాలనే నన్ను దొడ్డిదారిన తెచ్చిందన్నమాట ఆవిడ. అది విన్నాక కోపం కొంచెం దిగింది గానీ మొత్తం దిగలేదు. కోపం తెచ్చుకున్నంత సులువుగా పోగొట్టుకోవడం నాకు చేతకాదు.

"మరి కడియాలేవి మావయ్యా?"

"బూమిలో ఉన్నాయి. ఎక్కడున్నాయో బూమికే ఎరిక."

యుద్ధం జరుగుతుండగా, సముద్రం వైపు మా ఊళ్ళ దగ్గర బాంబులు పడ్డాయన్న కబురు వచ్చిన ఏడాది, బిలాస్‌పూర్‌కి కూడా భయం పట్టుకుంది. ఇంత పెద్ద యార్డు, ఇంత పెద్ద ఇంజను షెడ్డు కళ్ళబడితే విమానాలు వదులుతాయా అన్నారు. కాలనీలో ప్రతి కాంపౌండులోనూ, దాక్కోవడానికి ఒక గొయ్యి తవ్వారు. నిప్పు పడితే ఆర్పడానికి ఇసుక తెచ్చి పోశారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, మామగారూ మా ఆయనా డ్యూటీలో ఉండగా, మా అత్త కడియాలని తమలపాకుల ఇత్తడి పెట్టెలో పెట్టి కాంపౌండులోనే పాతేసింది. తరువాత కర్గీ రోడ్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళి రెండు నెలలు ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు నేల రూపమే మారిపోయింది. వానలకి గొయ్యి నిండి దోమలు ముసురుతున్నాయని గ్యాంగు మనుషులు కాంపౌండునంతా పూడ్చేశారు. షెడ్డునుంచి ఇంజను బూడిదా, కాలి గడ్డకట్టిన చిట్టెమూ బళ్ళతో తెచ్చి పోసి, పైన ఎర్ర మొరం పరిచి, దిమ్మిసలతో కొట్టి చదును చేశారు. మా అత్త గుర్తు పెట్టుకున్న కంచె కూడా నాలుగడుగులు జరిగిపోయింది.

అప్పుడు మొగుడూ పెళ్ళాలకి పెద్ద గొడవైంది. నాకు చెప్పకుండా ఎందుకు పాతావని ఆయన, నువ్వుండి ఎందుకు పూడ్చనిచ్చావని ఆవిడ. ఆ రోజునుంచీ వాళ్ళిద్దరూ అన్నీ మాట్లాడుకునేవారు గానీ కడియాల మాట మాత్రం నేరుగా అనుకోలేదు. ఏదైనా అడగాలంటే మధ్యలో మా ఆయన ఉండాల్సిందే.

ఆ మధ్యవర్తి సంగతి కూడా చెప్పాలి. మా ఆయన పుట్టింది, పెరిగింది బిలాస్‌పూర్‌లోనే. చదువు హిందీలో, స్నేహాలు హిందీలో, కోపం వస్తే తిట్లు ఛత్తీస్‌గఢీలో. తెలుగు ఆయనకి అన్నం తినేటప్పుడు మాట్లాడే భాష. ఆవకాయ గురించి చక్కగా మాట్లాడగలిగేవారు. అంతకు మించి వెళ్తే "అచ్ఛా, మరి..." అని ఆగిపోయేవారు.

"అత్తయ్యని సరిగ్గా అడిగారా? ఏమంటుంది?" అని నేను ఎన్నోసార్లు అడిగాను.

"ఏమడిగినా 'ఏటి, ఏటి' అంటుంది. వినబడదు కదా. ఇంకా గట్టిగా అరిస్తే ఏడుస్తుంది. బస్, నేను అడగను," అనేవారు.

మా అత్తకి చెవుడున్న మాట నిజమే. అందుకని నేనూ నమ్మేశాను. నేనే వెళ్ళి నేరుగా అడిగి ఉండొచ్చు. అడగలేదు. నన్ను దొడ్డిదారిన నడిపించిన మనిషి దగ్గరికి వెళ్ళి నా కడియాలేవని అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. ఏడు నెలలు మేమిద్దరం ఉప్పు గురించీ పప్పు గురించీ మాత్రమే మాట్లాడుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఏడు నెలలూ పూర్తయ్యేసరికి మామగారి ఉద్యోగం కూడా పూర్తి కావచ్చింది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. మా ఆయనకి సొంతంగా క్వార్టర్ రావడానికి సర్వీసు చాలదు. ఊళ్ళో రెండు గదులు అద్దెకి కుదిరాయి. ఆదివారం సాయంత్రానికి క్వార్టర్‌కి తాళం వేసి అప్పగించాలి. సోమవారం వేరే వాళ్ళు దిగుతారు, వాళ్ళ కాంపౌండులో మేము గునపాలు పట్టుకుని తిరుగుతామంటే ఊరుకుంటారా? ఆదివారం లోపల దొరికితే దొరికినట్టు. లేకపోతే కడియాలు పోయినట్టే, నేను బతికినంత కాలం ఏ ఇంటికి వెళ్ళినా దొడ్డి గుమ్మమే.

మా ఆయన ప్రతి పూటా తవ్వారు. ఎర్ర మొరం అంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అది మట్టి కాదు, పొడిచేసిన ఇటుకలాంటిది. గునపం వేస్తే ఖణేలుమని వెనక్కి వస్తుంది. పదకొండు గోతులు తవ్వేసరికి ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి, మా కాంపౌండు పందులు పొర్లిన చేనులా తయారైంది.

అలాంటి సమయంలో శుక్రవారం నాడు మామగారి మేనల్లుడు దిగాడు. వరసకి నాకు అన్నయ్య. యుద్ధంలో ఎడారి దేశాలకి వెళ్ళి, ఇసుకలో పాతిపెట్టిన మందుపాతరలు వెతికే దళంలో పనిచేసి, ప్రాణాలతో తిరిగి వచ్చి సిగ్నల్ డిపార్టుమెంటులో చేరాడు. యుద్ధం సామాను అమ్ముతున్నారని విని కలకత్తా వెళ్ళి, తాను ఎడారిలో మోసిన యంత్రంలాంటిదే ఒకటి సంపాదించి తెచ్చుకున్నాడు. పొడుగు కర్ర, దాని చివర రొట్టెల పెనమంత గుండ్రటి పళ్ళెం, వీపు మీద బ్యాటరీల సంచి, చెవులకి హెడ్‌ఫోన్లు, సర్దుకోవడానికి రెండు మరలు. పళ్ళెం కింద లోహం ఉంటే చెవుల్లో కూత వస్తుంది. లేకపోతే ఏమీ వినబడదు.

"గుండుసూదైనా ఒదల్దు అత్తా! ఎడారిలో దీంతో ఎన్ని వందలు తీసేనో!" అని మా అత్త చెవి దగ్గర అరిచాడు.

"ఏటీ?" అంది మా అత్త.

శనివారం పొద్దున్నే మా గేటు ముందు తిరనాళ్ళలా జనం చేరారు. అన్నయ్య యంత్రం తగిలించుకుని, నడుము ఎత్తున పళ్ళెం పట్టుకుని, మరలు తిప్పి, మోత లేకుండా సర్దాడు. అందర్నీ ఒకసారి కలయజూసి, పళ్ళేన్ని మెల్లగా నేలకి దించాడు. దించీ దించగానే హెడ్‌ఫోన్లు లాగేసి చెవులు రుద్దుకున్నాడు. అంత కూత వచ్చింది.

"దొరికేసింది మావా! ఇక్కడే!"

మా ఆయన తవ్వారు. ఒక స్లీపర్ మేకు దొరికింది. అన్నయ్య రెండడుగులు పక్కకి జరిగాడు. అక్కడా కూతే. తవ్వితే ఒక బోల్టు. ఇంకొక చోట బ్రేకు ముక్క. అక్కడి దాకా బాగానే ఉంది, ఇనుము దొరుకుతోంది కదా అనుకున్నాం. నాలుగో గోతిలో ఏమీ లేదు. అయిదో గోతిలోనూ ఏమీ లేదు, ఎర్రటి గులకరాళ్ళు తప్ప. కానీ కూత మాత్రం ఆగలేదు. గేటు దగ్గర పెట్టినా కూతే, బండ దగ్గర పెట్టినా కూతే. మధ్యాహ్నానికి కాంపౌండంతా సున్నంతో పెట్టిన గుర్తులే.

"ఎడారిలో ఇలా ఉండేది కాదు," అని అన్నయ్య గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. అంతమంది ముందు పరువు పోయిందని మొహం వాడిపోయింది. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ముందు నవ్వే వచ్చిందని ఒప్పుకుంటాను.

జనంలో పిడకలు అమ్మే ముసలామె ఉంది. దగ్గర్లోని బెల్తరా అనే ఊరి మనిషి. ఆమె గంప దించి, ఒక ఎర్రరాయి తీసుకుని అన్నయ్య ముందు పెట్టి, బోసినోటితో నవ్వింది.

"ఏ మాటీ మ తో లోహా హావయ్, బాబూ!"

ఈ మట్టిలోనే ఇనుముందయ్యా అని అర్థం. వాళ్ళ తాతల కాలంలో అడవి మనుషులు ఇలాంటి ఎర్రరాళ్ళనే మట్టి కొలిమిలో కాల్చి, ఇనుము తీసి, కొడవళ్ళు చేసి అమ్మేవారట. అన్నయ్య నమ్మలేదు. ఆ రాయిని విడిగా పళ్ళెం ముందు పెట్టి చూశాడు. కూసింది. అప్పుడు నేను రాయిని రోట్లో వేసి పొడిచేశాను. వెనకవైపు రోలు నాది, వెనకవైపంతా నా రాజ్యమే కదా. అన్నయ్య పాత టెలిఫోనులోంచి తీసిన అయస్కాంతం ఒకటి తెచ్చి పొడిలో తిప్పాడు. సగం పొడి దానికి అంటుకుని మీసాల్లా నిక్కింది. షెడ్డు బూడిదలో పెట్టినా అంతే.

అంటే యంత్రం అబద్ధం చెప్పడం లేదు. మేము నడిచే నేలంతా కాస్తో కూస్తో ఇనుమే. ఎడారి ఇసుక నోరు మెదపదు కాబట్టి అక్కడ లోహం ఒక్కటే పలికేది. ఇక్కడ నేలే గోల పెడుతుంటే దాని కింద ఉన్న చిన్న పెట్టె మాట ఎవరికి వినబడుతుంది?

"ఇంక లాభం లేదు మావా," అని అన్నయ్య బ్యాటరీలు విప్పేశాడు. మా అత్త వరండాలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు పొయ్యి దగ్గర ఆవిడ నాకు వీపు పెట్టి కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. పొగ కాదని నాకు తెలుసు. ఏదైనా అందామనుకుని, "పప్పులో ఉప్పు వేశారా అత్తయ్యా," అన్నాను.

ఆదివారం తెల్లవారింది. ఠేలా బండి వచ్చి గేటు ముందు ఆగింది. మంచాలు ఎక్కాయి, ట్రంకుపెట్టెలు ఎక్కాయి, రోలు ఎక్కింది. పొద్దు వాలి, ఇల్లు ఖాళీ అవుతుంటే మామగారికి ఏం తోచిందో, వెళ్ళి అన్నయ్యని తీసుకొచ్చారు.

"ఒరే, ఆ గుబ్బలు నా సెవుల కెట్టు."

"వొద్దు మావా, గోలే."

"నా ఉద్యోగమే గోల్లో కదరా. ఎట్టు."

అన్నయ్య యంత్రం పట్టుకుని నడుస్తుంటే, మామగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అతని భుజం మీద చెయ్యి వేసి పక్కనే నడిచారు. యార్డులో బండి పొడుగునా ఎలా నడిచేవారో అలాగే, ఒక్కో అడుగూ. కూత వస్తూనే ఉంది, ఆయన మొహం చిట్లిస్తూనే ఉన్నారు. పడమటి కంచె దగ్గర జామచెట్టు పక్కకి వచ్చేసరికి ఆగమని భుజం నొక్కారు.

"ఇక్కడ తగ్గింది."

"తగ్గితే ఏటుంది మావా? లోహం లేదనే కదా. నిన్న నేనూ చూసి వొదిలేసేను."

"నానెప్పుడూ గట్టిగా మోగే సక్రం ఎతకలేదురా. తేడాగా మోగేదాన్నే ఎతికేను. నేలంతా ఒకలాగ ఏడుస్తంటే ఇది ఎందుకు ఏడవడం లేదు? ఇక్కడ ఇంకేదో ఉంది."

ఉందంటే ఏముంది? అది ఎవరికీ తెలియదు. గంటలో తాళం చెవి ఇచ్చెయ్యాలి. మా ఆయనకి ఓపిక చచ్చిపోయింది. వరండాలో చీపురుతో నిలబడ్డ మా అత్త దగ్గరికి పరుగెత్తి, చివరిసారి అన్నట్టు, వీధి వీధంతా వినబడేలా అరిచారు.

"అమ్మా! పెట్టె! పెట్టె దేన్లో పెట్టేవు?"

మా అత్తకి కూడా అరికాలి మంట నెత్తికెక్కింది. చీపురు విసిరికొట్టింది.

"ఏటిదాన్లో! ఏటిదాన్లో అని ఎన్నిసార్లు సెప్పాల్రా! నాలుగేళ్ళనించీ సెప్తన్నాను!"

"చూశావా?" అని మా ఆయన నావైపు తిరిగారు. "దేన్లో అని నేనడిగితే, దేన్లో అని నన్నే అడుగుతుంది!"

నేను అప్పుడు దొడ్డివైపునుంచి వచ్చి ఇంటి మూల దగ్గర నిలబడి ఉన్నాను. ఆ మాట మొదటిసారి నా చెవులతో నేను విన్నాను. ఆయనకి ఏటి అంటే ఏమిటి అని ఒక్కటే అర్థం. బిలాస్‌పూర్‌లో పెరిగిన మనిషికి ఊరి పక్కన పారే అర్పా అర్పానే, నది నదే. ఏరు అనే మాట ఆయన జన్మలో వాడి ఉండరు. నేను ఏటి ఒడ్డున పుట్టినదాన్ని. మా వైపు ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇసుక తోలించుకుంటే బండివాడు అడిగే మొదటి మాట అదే: ఏటిది కావాలా, గెడ్డది కావాలా? నది ఇసుకా, వాగు ఇసుకా అని.

"అత్తయ్య ఏమీ అడగడం లేదు!" అని నేను అరిచాను. కాపరానికి వచ్చాక అంత గట్టిగా అరవడం అదే మొదలు. "చెబుతోంది! ఏటి ఇసకలో పాతిందట! ఏటిదాన్లో అంటే ఏటి ఇసకలో!"

నిప్పు ఆర్పడానికి తెచ్చిన ఇసుక. అర్పా నదినుంచి బళ్ళ మీద వచ్చిన ఇసుక. అది వానకి కొట్టుకుపోకుండా కంచె పక్కన గుంట తీసి అందులో పోశారట. ఒంటరి ఆడమనిషి మొరం నేలలో గునపం దింపలేదు కదా, చేత్తో తవ్వగలిగిన చోటు చూసుకుంది. గ్యాంగువాళ్ళు ఆ ఇసుక మీదనే మొరం పరిచేసి, కంచె కూడా జరిపేసరికి ఆ గుంట ఎక్కడుందో ఆవిడకే ఆనవాలు దొరకలేదు. కింద ఇసుక ఉన్న చోట నేల కూత తగ్గింది. అంతే సంగతి.

మామగారు హెడ్‌ఫోన్లు తీసి, పెళ్ళాం వైపు చూశారు. నాలుగేళ్ళ తరువాత నేరుగా ఆవిడతోనే ఆ మాట ఎత్తారు.

"నాతోటి సెప్పొచ్చు గదే."

"నువ్వు సక్రాల మాటింటావు గానీ నా మాటింటావేటి?" అంది మా అత్త. చెవుడున్నా ఆ ఒక్కటీ ఆవిడకి బాగానే వినబడింది.

అన్నయ్యా మా ఆయనా జామచెట్టు పక్కన మొరం పెళ్ళగించారు. మూరెడు లోతున రంగు మారింది. ఎరుపు పోయి, తెల్లటి సన్నటి ఇసుక బయటపడింది. దాన్ని చూసి అన్నయ్య మొహం వెలిగిపోయింది.

"ఇదీ నా ఎడారి! ఇప్పుడు చూడండి!"

పళ్ళేన్ని ఇసుక మీద ఆనించి, అక్కడే మరలు తిప్పి, మోత లేకుండా సర్దాడు. పిల్లి నడిచినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఈసారి కూత ఒకేచోట వచ్చింది, పళ్ళెం జరపగానే ఆగింది, మళ్ళీ తెస్తే మళ్ళీ వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టాడు. దూరంగా స్టేషనులోకి వచ్చే బండి వేసే కూతలా ఉంది.

మోచెయ్యి లోతున ఇత్తడి పెట్టె దొరికింది. ఆకుపచ్చగా చిలుమెక్కింది. మూత బిగుసుకుపోతే మామగారు సుత్తి తెచ్చి నాలుగు వైపులా మెల్లగా తట్టారు, చక్రాన్ని తట్టినట్టు. లోపల గుడ్డ చివికిపోయింది. కడియాలు నల్లబడి ఉన్నాయి.

మా అత్త వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చింతపండు కావాలంది. చింతపండు జాడీ బండి అడుగున ఎక్కడో ఉంది. సగం సామాను దించాం. ఆవిడ గేటు దగ్గరే చతికిలబడి కూర్చుని తోమింది. తోముతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఇత్తడి సోల కోసం ఇంకో మూట విప్పాం. బియ్యం బస్తా మూతి కోశాం. ఠేలావాడు నెత్తి కొట్టుకున్నాడు.

"కాలు సాపు అమ్మీ," అంది.

కడియాలు మడమ దగ్గర పట్టేశాయి. నూనె పూసి తోసింది. చర్మం గీరుకుంది, మంట పెట్టింది. ఆవిడ నా రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఏడు నెలలుగా ఈ మనిషి మీద నేను పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల వంచి, "అత్తయ్యా, ఆ రోజు నేను ఎడమకాలు పెట్టాను," అని చెప్పేశాను.

"సూసేన్లే," అంది.

ఎదురింటావిడ బియ్యం చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. నేను వీధి మెట్లెక్కాను. గుమ్మంలో సోలని కుడికాలితో తన్నాను. బియ్యం ఖాళీ గది పొడుగునా చెల్లాచెదురుగా పరుచుకుంది. లోపల చాప లేదు, చెంబు లేదు, గోడకి పటం లేదు. మేకులు పీకేసిన కన్నాలున్నాయి. ఆ ఉత్త గదుల్లో నా కడియాల మోత ఎంత పెద్దగా వినబడిందో! మామగారు గుమ్మం బయట నిలబడి కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగుంది. పగుల్లేదు," అన్నారు.

మా అత్త నా వెనకే వచ్చి ఇల్లంతా ఒకసారి చూసింది. "సరే, వొచ్చేవు గదా. ఇంక పద, తాళం ఎయ్యాల," అంది.

నేను తలూపి, ఏడు నెలల అలవాటు కొద్దీ, దొడ్డి గుమ్మం వైపు నడిచాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అటేటే? ఇటు రా," అని నన్ను వీధి గుమ్మంలోంచి బయటికి నడిపించింది.